నాన్న కంచం

“గడియ పెట్టకే!” పొయ్యి దగ్గర్నుంచే అరిచింది హొనోరా. “మీ నాన్న ఎలా వస్తాడనుకున్నావు?”

నూలా గడియ మీంచి చెయ్యి తీసేసింది. ఓట్స్ ఆఖరి మోపు ఇల్లు చేరింది, ఊరంతా సావిన్ పండగ. చనిపోయినవాళ్లు ఈ రాత్రి తమ ఇళ్లకు వస్తారని తలుపు తెరిచి, కంచం పెట్టి పడుకుంటారు. పడవతో పాటు నాన్న మునిగిపోయేనాటికి నూలా పాలు తాగే పిల్ల. చిన్నప్పుడు పండగ రాత్రి కంచం ముందు నాన్న కోసం వేసిన ఖాళీ కుర్చీని చూస్తే చాలు, ఆయన ఒళ్లో కూర్చున్నట్టే ఉండేది. ఆ హాయి మళ్లీ రాలేదు.

హొనోరా ఉడికిన బంగాళదుంపల్లో క్యాబేజీ దండిగా వేసి మెదిపింది. కంచం నిండా పెట్టి, మధ్యలో గుంట చేసి వెన్న వేసింది.

“అంతెందుకమ్మా? ఇద్దరికి సరిపోతుంది.”

“ఏడాదికోసారి తినేవాడికి లెక్కలేమిటే? ఈమధ్య కంచం ఖాళీ చేసి మరీ వెళ్తున్నాడు, చూడటం లేదూ?”

చూసింది కాబట్టే నూలా బాధ. పోయినేడు తెల్లవారకముందే లేచి వస్తే, ఆ కుర్చీలో పక్కింటి మాలకీ కనిపించాడు. “మీ అమ్మకి చెప్పకు తల్లీ. కంచం అలాగే ఉండిపోతే ఆవిడ తట్టుకోలేదు. అందుకే తింటున్నా,” అని బతిమాలాడు. భార్య పోయాక కొయ్యకు చొక్కా తగిలించినట్టు తయారయ్యాడు పాపం. అయినా అమ్మ నమ్మకంతో ఈ నాటకమేమిటి? ఇవాళ తేల్చెయ్యాల్సిందే.

“పోనీ, మాలకీ మామని భోజనానికి పిలవరాదూ?”

“పిలవకేం? ఎప్పుడు పిలిచినా ‘ఇప్పుడే తిన్నా’నంటాడు. రొట్టె పంపితే తిప్పి పంపుతాడు. పస్తులైనా ఉంటాడు గానీ పరువు తగ్గనివ్వడు ఆ పెద్దమనిషి!”

హొనోరా ఎండుద్రాక్ష రొట్టె కోసి, గుడ్డలో మూటకట్టి కంచం పక్కన పెట్టింది.

“అదెవరికి?”

“దారిలో తింటాడు.”

నూలాకు ఏడుపొచ్చింది. “అమ్మా, నీకెలా చెప్పను? ఆ కుర్చీలో కూర్చుని తినేది నాన్న కాదే!”

హొనోరా గరిట కడిగి కొక్కేనికి తగిలించింది. తలుపు ఓరగా ఉందో లేదో ఒకసారి చూసుకుంది.

“మీ నాన్న బతికుండగా ఏనాడూ క్యాబేజీ ముట్టలేదే, పిచ్చిదానా.”