నా పేరున వెళ్ళిన కంకర

కౌంటీ రోడ్ల ఆఫీసు వారికి ఆల్మా టోఫ్టె చెప్పి రాయిస్తున్న ఫిర్యాదు. నాకు చదువు రాదు. అందుకని కంకరను పరీక్షకు పట్టుకెళ్ళిన మీ డువేన్ చేతే రాయిస్తున్నాను.

మా ఇంటి ముందు మీరు పరిచిన కంకరలో పాత గని బూడిద కలిసింది. ఆ దుమ్ముకి నా కోళ్ళు దగ్గుతున్నాయి. మొత్తం ఎత్తుకుపొమ్మని మార్చి నుంచి మొత్తుకుంటున్నాను.

మొన్న డువేన్ రోడ్డు మీది కంకర బకెట్లోకి ఎత్తి, దాని మీద నా పేరు రాసి, వరండాలో పెట్టి, లోపలికొచ్చి రూబార్బ్ కేకు తిన్నాడు. ఇవాళ రిపోర్టు తెచ్చాడు.

"పెద్దమ్మా, రాష్ట్రంలోనే ఇంత శుభ్రమైన కంకర లేదంట. ఇక దాన్ని ఎత్తరు."

"ఎవడోయ్ చూసింది, కళ్ళు నెత్తికెక్కినవాడు?"

"మిషన్ చూసింది. బూడిద చిటికెడు కూడా లేదంట. సబ్బు మాత్రం దొరికిందంట."

దొరక్కేం చేస్తుంది? చర్చి విందుకు నా పేరున్న గిన్నె యాభై ఏళ్ళుగా మచ్చ లేకుండా వెళ్ళింది. నా పేరున్న బకెట్ మురికిగా మీ ఆఫీసుకి వస్తుందా? డువేన్ రెండో ముక్క తింటుంటే నేనే ఆ కంకరనంతా మూడు నీళ్ళు పోసి తోమాను.

డువేన్ కలం ఆపేశాడు. "ఇది కూడా రాయాలా పెద్దమ్మా? నీ కేసు నువ్వే చెడగొట్టుకున్నట్టు అవుద్ది."

"రాయవోయ్! తోమిన నీళ్ళు పారబోస్తానా? పారబోస్తే నా కోళ్ళు తాగవూ? తొట్టిలో అలాగే ఉన్నాయి, అడుగున రెండు వేళ్ళ మందాన బూడిద. పట్టుకెళ్ళి పరీక్ష చేయించు. తొట్టి మీద మాత్రం నా పేరు రాయకు. నీ పేరు రాసుకో."