నాలుగు నిమిషాల పరీక్ష

"అక్కా, నువ్వు నాలుగు నిమిషాల్లో చేసేశావు. నేను నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నాను. కాస్త చేసిపెట్టవూ?"

పక్కింటి కుట్టుపని ఆవిడ ఫోను చాచింది. పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా దరఖాస్తయితే కళ్లు మూసుకుని చేస్తానే. నీది వేరు కదా. మా అబ్బాయిని రానీ."

అబ్బాయి ఇప్పట్లో వచ్చేలా లేడు. మందుల కార్డులన్నీ ఇక ఆన్‌లైన్‌లోనే అని ప్రభుత్వం విధానం మార్చింది. ఆ వెబ్‌సైటు తయారుచేయించిన అధికారి వాడే. అయితే చట్టంలో ఓ మెలిక ఉంది. డెబ్బై దాటిన మామూలు మనిషి ఎవరి సాయమూ లేకుండా దరఖాస్తు పూర్తిచేసి చూపిస్తే తప్ప చేతిరాత దరఖాస్తులు తీసుకునే కౌంటర్లు మూయకూడదు.

ఇద్దరు ముసలివాళ్లు పరీక్షలో చేతులెత్తేశారు. మూడోసారీ తప్పితే వాడి ఉద్యోగానికే ఎసరు. అప్పుడు గుర్తొచ్చింది వాడికి కన్నతల్లి! ఇరవై రోజులు కూర్చోబెట్టి సాధన చేయించాడు. తన తల్లి అన్న సంగతి పైవాళ్లకు చెప్పలేదు.

పరీక్షనాడు అధికారులు గడియారం చూస్తుండగానే ఆవిడ పూర్తిచేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. కొడుకు ఆ వార్తను రెండుసార్లు చదివి వినిపించాడు. వారం తిరక్కుండా కౌంటర్లకు తాళాలు పడ్డాయి. ఇప్పుడు వాడు ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు, అక్కడివి కూడా మూయించడానికి.

పక్కింటావిడ తెలివితక్కువదేం కాదు. కాకపోతే ఒక్కో అక్షరం వెతికి నొక్కేలోపు 'సమయం మించింది' అంటూ అంతా మళ్లీ మొదటికొస్తోంది. శుక్రవారంతో ఆమె భర్త కార్డుకు గడువు తీరిపోతుంది. కార్డు లేకపోతే ఆసుపత్రిలో ఆయనకు సూదిమందు ఇవ్వరు.

గురువారం పక్కింటావిడ రాలేదు. గోడ అవతలి నుంచి మాటలు మాత్రం వినిపించాయి.

"పేపర్లో పడ్డాక అక్కయ్యకి కళ్లు నెత్తికెక్కాయండీ. మనమెక్కడ కనిపిస్తాం?"

పెద్దావిడకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఒక్క కొడుకు కూడు నిలబెట్టబోయి ఎంతమంది నోట్లో మట్టి కొట్టాను అనుకుని ఏడ్చింది.

శుక్రవారం పొద్దున్నే పక్కింటావిడను చెయ్యి పట్టుకుని పెద్దాఫీసుకు లాక్కుపోయింది. పరీక్షనాడు ముందుగా చప్పట్లు కొట్టిన పెద్దాయనే కుర్చీలో ఉన్నాడు.

"ఆ పరీక్ష చెల్లదు బాబూ. ఆ అధికారి నా కడుపున పుట్టినవాడు. కౌంటర్లు తెరిపించండి."

పెద్దాయన నవ్వాడు. "తల్లయితే ఏమైందమ్మా? ఎవరూ సాయం చేయలేదు. నా కళ్లతో నేనే చూశాను. మీకొచ్చు కాబట్టి చేశారు. కాదనడానికి రుజువేముంది?"

"ఫిర్యాదు రాయించుకోండి బాబూ, చెబుతాను."

ఆవిడ చెబుతుంటే గుమాస్తా విసుక్కుంటూనే రాశాడు. కాగితం ఆమె ముందుకు జరిపి, కింద సంతకం చేయమని కలం అందించాడు.

ఆమె ఆ కలాన్ని పక్కన పెట్టి, బల్లమీది ఇంకు డబ్బా దగ్గరికి లాక్కుని, ఎడమచేతి బొటనవేలు అద్దింది.