విల్సన్ సార్ మూడు వారాలు

“ఈ ఒక్క గడీ నింపేస్తే అయిపోతుంది బాబూ,” అంది రూతు టీచరు ఇంగ్లీషులో, కాగితం ముందుకు జరిపి.

ఇంగ్లండు నుంచి వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడు పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు. ‘ఈ సేవ వల్ల నీకేం దక్కింది?’ అన్నది ప్రశ్న. జవాబు నచ్చితేనే ఇతన్ని పంపిన సొసైటీవాళ్లు వచ్చే ఏడు ఇంకొకర్ని పంపుతారు. లేకపోతే తణుకు పక్కన ఈ చర్చి బడిలో పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడే దిక్కుండదు. రూతు బెంగ అదే.

అసలు ఇతను మూడు వారాలుంటాడనే ఆమె అనుకోలేదు. ఉత్తరంలో ‘ఎ. విల్సన్’ అని ఉంటే, ప్రార్థనప్పుడు పిల్లలకి విల్సన్ సార్ అని పరిచయం చేసింది. ఆ రోజంతా మనిషి ముద్ద ముట్టలేదు. ఇంటికెళ్లిపోతానన్నాడు. చేసేదిలేక మర్నాడు రూతే ఆటో ఎక్కించడానికి వెంట వెళ్లింది.

“ఆయ్, బ్యాగు ఇలా ఇవ్వండి. అలా కాదండి, జాగ్రత్తండి,” అన్నాడు ఆటో బుల్లబ్బాయి.

కుర్రాడు ఉలిక్కిపడి చూశాడు.

“ఏవండీ, టీ తాగి వెళ్లండి. పంచదార ఎయ్యమంటారాండీ?” అంది కొట్లోంచి చిట్టెమ్మ.

కుర్రాడి మొహం చేటంతయింది. టీ తాగి, బ్యాగు భుజాన వేసుకుని తిన్నగా బడికే నడిచాడు.

అప్పట్నుంచీ బజార్లో ఎవరు ఎవరితో మాట్లాడినా ఇతనే గిర్రున తిరిగి నవ్వేవాడు. అడక్కపోయినా వెళ్లి మూటలు మోసేవాడు. బాబుకి కాస్త తిక్కని ఊరు తేల్చేసింది. అయినా ముద్దుగానే చూసుకుంది.

“పాఠం చెప్పడం వచ్చిందని రాసెయ్యనా టీచర్?”

“నిజం రాయి బాబూ.”

కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మా వీధిలో పదేళ్లుగా ఉంటున్నాం. పక్కింటాయనకి నా పేరు తెలీదు. అక్కడ మా బళ్లోనూ ఇంటిపేరే. ఇక్కడ ఆటో ఆయన, టీ కొట్టావిడ, మొహమైనా తెలీనివాళ్లు... అందరూ నన్ను పేరు పెట్టి పిలిచారు టీచర్. ప్రతి మాటకీ.”

రూతు తెల్లబోయింది. తనతో సహా ఊరంతా విల్సన్ సార్ అనేవాళ్లే. అసలు పేరు ఎవరికి తెలిసిందని?

“ఏమని పిలిచారు బాబూ?”

“ఆండీ అని.”