లద్దెపురుగు తీర్పు

లక్ష్మీకాంత్ పురుగుమందుల కంపెనీ ఉద్యోగి. పురుగుల మనసు తనకు తెలిసినంతగా వాటిని కన్న తల్లులకు కూడా తెలియదని అతని నమ్మకం. ఇంకొల్లు దగ్గరి ఊళ్లో, చెంచురామయ్య మిరప చేను గట్టున బల్ల వేయించుకుని, ఇన్‌షర్టు సర్దుకుని, ప్లాస్టిక్ పెట్టె తెరిచాడు. రైతులు చుట్టూ చేరారు. వాళ్ల వెనక, చేలల్లో ఆకులు తినే లద్దెపురుగుల్ని చేత్తో ఏరే కూలి ఆడవాళ్లు నిలబడ్డారు.

పెట్టెలో రెండు మిరపాకులు. ఒకటి మామూలుది, రెండోది కంపెనీ వారి వేపమందులో ముంచింది. మధ్యలో తను తెచ్చిన పురుగుల్ని వదిలాడు.

"పురుక్కి నోరే లేబొరేటరీ అండి. ఆకులో ఏ రసాయనం ఉందో కొరగ్గానే తెలిసిపోద్ది. చేదు తగిలితే ఆకలితో చస్తుందిగానీ ముట్టదు."

పురుగులన్నీ మామూలు ఆకు మీదికే పాకాయి. క్రమశిక్షణలో కంపెనీ ఉద్యోగులకు ఏమాత్రం తీసిపోలేదు.

"ఇక మీకు పురుగులేరే కూలీలతో పనే లేదు," అన్నాడు లక్ష్మీకాంత్. కిందటి నెల పక్క ఊరి రైతులు ఈ ఆట చూసి, ఈ మాటకే పడిపోయారు.

చెంచురామయ్య అంత తేలిగ్గా పడే మనిషి కాదు. "అవి మీ కంపెనీ పురుగులాయె. మీరు చెప్పినట్టే వింటాయి. మా ఊరి పురుగులు ఎవరి మాటా వినవు. ఎలీసమ్మా, నీ డబ్బాలో ఏమన్నా ఉన్నాయా?"

పదిహేనేళ్లుగా ఆయన చేలో పురుగులేరుతున్న ఎలీసమ్మ డబ్బా అందించింది. "ఉన్నాయయ్యా. ఈ సైన్సు నాకేం తెలుసు, సారే చూసుకుంటారు."

"ఏ ఊరి పురుగైనా ఒకటేనమ్మా," అని లక్ష్మీకాంత్ జాలిగా నవ్వి, కొత్త ఆకులు పెట్టి వాటిని వదిలాడు.

అవి మామూలు ఆకును కొరికి చూశాయి. పెళ్లి భోజనంలో ఉప్పులేని పప్పు తగిలినట్టు వెనక్కి తిరిగాయి. తిన్నగా మందు ఆకు ఎక్కి, ఈనెలు తప్ప ఏమీ మిగల్చలేదు.

"మందు పురుగుల బలానికి బాగా పనికొచ్చేట్టుందే," అన్నారెవరో. గట్టంతా నవ్వింది.

లక్ష్మీకాంత్ ఆకులు మార్చాడు. పెట్టె తిప్పాడు. మూడుసార్లూ అదే తంతు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎండ ఎక్కువైందండి," అన్నాడు. పురుగులు మాత్రం ఆ ఎండలోనే సుష్టుగా తింటున్నాయి.

"రేపు నీ మనుషులందర్నీ తీసుకురా ఎలీసమ్మా. ఎప్పటిలాగే ఏరుకుందాం," అన్నాడు చెంచురామయ్య.

ఆరేళ్లుగా ప్రాణం పెట్టి నమ్మిన మందు. లక్ష్మీకాంత్ దారిలో బండి ఆపి, మిగిలిన సీసాలన్నీ కాలువలో ఒంపేశాడు. పనికిమాలిన సరుకు ఇన్నాళ్లూ రైతులకు అంటగట్టానని కుమిలిపోతూ, ఆ సాయంత్రమే రాజీనామా రాశాడు.

అదే వేళకు ఎలీసమ్మ ఇంట్లో కోడలు ఆరాధన అడిగింది. "పక్క ఊళ్లో ముట్టని మందుని మన పురుగులు అట్టా ఎట్టా తిన్నాయత్తా?"

"వాటికి కమ్మటి ఆకు రుచి తెలిస్తేగా అమ్మాయ్, గుడ్డు పగిలిన రోజు నుంచీ వేపగింజల నీళ్లలో ముంచిన ఆకే పెట్టి పెంచాను," అంది ఎలీసమ్మ.