మారుతాళం

“ఒరేయ్ గుండుసూదీ, ఆ దిండు ఇలా తే.”

దిండు కుట్లు విప్పి దూదంతా దులిపాడు వార్డర్. దుమ్ము రాలింది. తుమ్ములు రెండొచ్చాయి.

“ఏం వెతుకుతున్నారు సార్?” అన్నాడు ఖైదీ.

“మారుతాళం.”

“నా దగ్గరున్నది మారుమనసు ఒక్కటే సార్.”

“రెండూ మారువేషాలే. ఏదో ఒకటి బయటపడకపోదు.”

వార్డర్ అనుమానం ఊరికే పుట్టింది కాదు. గుండుసూదితో ఎంతటి తాళాన్నయినా తీసే ఆ దొంగ, ఇదివరకే రెండు జైళ్ల నుంచి ఉడాయించాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక ఆదివారం పాస్టరుగారు వచ్చి, ప్రభువు సమాధిలోంచి లేచిన సంగతి చెప్పి వెళ్లారు. అంతే, మనిషి మారిపోయాడు. బూతులు మానేసి పాటలు పట్టాడు.

“పాతవాడు చచ్చాడు సార్. నేను కొత్తగా లేచాను.”

“లేస్తావురా, లేచి పోతావు కూడా. నా రిటైర్మెంటు లోపు నువ్వు లేచావంటే నా పెన్షన్ పడుకుంటుంది.”

భయం అదే. ఆ చిన్న జైలు ప్రహరీ ఒకపక్క కూలి ఏళ్లయింది. బస్సుల రోడ్డుకీ గుండుసూదికీ మధ్య ఉన్నది ఆ ఒక్క తాళమే. అందుకే వార్డర్ తాళంచెవి రెండుసార్లు తిప్పేవాడు. టక్కుమన్న చప్పుడు వినేవాడు. ఒంటిచేత్తో తలుపు లాగి చూసేవాడు. ఆ పాత ఇనుప తలుపు కిందికి జారి గడపను కరుచుకుంది, మామూలుగా తీయాలన్నా రెండు చేతులా పైకెత్తాల్సిందే. కదిలేది కాదు.

“తలుపు తెరిచే ఉంది సార్,” అనేవాడు లోపల్నుంచి గుండుసూది, మొదటి ఏడాది నుంచీ.

“ప్రసంగాలు ఆదివారం పెట్టుకో. నీ పాటకు తాళం వేసుకో, నా తాళం జోలికి రాకు.”

రెండో ఏడు దొంగ తల్లి పోయింది. ఊరు నాలుగు మైళ్లే. సెలవు అర్జీ మాత్రం వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. ఇవాళ తప్పకుండా పారిపోతాడని వార్డర్ కూలిన గోడ పక్కనే నక్కి కాపు కాశాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. వెళ్లి చూస్తే గుండుసూది మోకాళ్ల మీద ఉన్నాడు.

“ఏరా, వెళ్లాలని లేదూ?”

“ఎందుకుండదు సార్. పాతవాడైతే పొద్దున్నే వెళ్లిపోయేవాడు.” కళ్లు తుడుచుకున్నాడు. “అమ్మ లేచే రోజొకటి ఉంది. ఆ రోజు నా మొహం ఆవిడకి చూపించాలి కదా.”

“మాటలు బాగా నేర్చావు,” అంటూ వార్డర్ తాళంచెవి ఇంకోసారి తిప్పాడు.

మూడేళ్లు నిండాయి. విడుదల రోజు కూడా వార్డర్ వాడి సంచీ తిరగేశాడు, చెప్పులు వంచి చూశాడు. మారుతాళం దొరకలేదు.

“నా తాళం నీకు లొంగలేదురా, ఒప్పుకో.”

“దాని జోలికి రావద్దన్నారుగా సార్, రాలేదు,” అని దండం పెట్టి వెళ్లిపోయాడు గుండుసూది.

ఆ మధ్యాహ్నమే అదే గదికి, కొట్లాట కేసులో, బస్తాలు మోసే హమాలీ ఒకడు వచ్చాడు. వార్డర్ తాళంచెవి రెండుసార్లు తిప్పాడు. టక్కుమంది. లాగాడు. కదల్లేదు. రిటైర్మెంటుకు ఇంకో వారమే. ఈల వేసుకుంటూ వరండాలో నాలుగడుగులు వేశాడు.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

“పైకెత్తితే వచ్చేసింది సార్, తలుపు తెరిచే ఉంది,” అన్నాడు హమాలీ.