ఒక్క మాట ఎక్కువైంది

“నర్సే చెప్పిందని ఎందుకన్నావు మావయ్యా?”

మేనకోడలు ఆ మాట గట్టిగా అనలేదు. ముందు గదిలో జనం ఉన్నారు. నిన్న శాసనసభలో ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసినందుకు ప్రతిపక్ష నాయకుణ్ణి మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లు. ఆయన వాళ్ల మధ్య నుంచి లేచి వంటగదిలోకి వచ్చేసరికి ఆమె డ్యూటీ బట్టల్లోనే గోడకానుకుని నిలబడి ఉంది.

నిన్న ఆయన ముగ్గురు మంత్రుల్ని నిలదీశాడు. పిల్లల వార్డులో మందు ఎందుకు లేదంటే ఆరోగ్య మంత్రి ఆర్థిక మంత్రి వైపు చూశాడు. దిగుమతి సుంకం ఎందుకు కట్టలేదంటే ఆర్థిక మంత్రి వాణిజ్య మంత్రి వైపు చూశాడు. మందు లారీలు సరిహద్దు గేటు దగ్గర ఎండలో ఎందుకు నిలబడి ఉన్నాయంటే వాణిజ్య మంత్రి నేలచూపులు చూశాడు. అక్కడితో ఆపినా సరిపోయేది. కానీ ఆర్థిక మంత్రి మళ్లీ లేచి, ఒక్క సీసా మందును ఇద్దరు పిల్లలకు సగం సగం ఎక్కిస్తున్నారని ఈయన చెప్పింది వట్టి కట్టుకథ అన్నాడు. దాంతో ఈయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ వార్డులో పనిచేసే నర్సే తనకు చెప్పిందని అనేశాడు. ఆయన పక్షం వాళ్లు బల్లలు చరిచి సభ అదరగొట్టారు.

మందు వచ్చిందా అని ఇప్పుడు మేనకోడల్ని అడిగాడు. వచ్చిందని చెప్పింది. తెల్లవారేసరికే లారీలు వదిలారట. పిల్లలకు పూర్తి మోతాదు ఎక్కించే వచ్చిందట. ఆయన ముఖం విప్పారబోయింది.

“లారీ వెనకే విచారణాధికారి కూడా దిగాడు మావయ్యా,” అంది.

వార్డులో అందరినీ వరుసగా నిలబెట్టి, చెప్పిందెవరని అడిగాడట. చివరికి పెద్ద నర్సు ముందుకొచ్చి, తన వార్డులో ఏం జరిగినా బాధ్యత తనదేననీ, పేర్లు మాత్రం అడగొద్దనీ అందట. ఆమెను అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. పేరు చెప్పకపోతే పింఛను మీద కూడా ఆశ వదులుకోమన్నారు. అదే వరుసలో నిలబడి కూడా మేనకోడలికి నోరు పెగల్లేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మంచం పట్టిన తల్లికి తనే దిక్కు. తను ఫలానా వారి మేనకోడలినని వార్డులో ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి అనుమానం తన మీదికి రాలేదు, అంతే. అదంతా చెప్పి తల దించుకుంది.

“నీ పేరు బయటికి రానివ్వలేదు కదమ్మా,” అన్నాడాయన.

“రానివ్వలేదు. నా బదులు ఆమె పోయింది.”

ముందు గదిలో ఎవరో నిన్నటి ప్రసంగాన్ని ఫోనులో పెట్టారు. తన గొంతు తనకే వినిపిస్తుంటే ఆయనకు చెవులు మూసుకోవాలనిపించింది. తనూ వస్తాననీ, పెద్ద నర్సు కాళ్ల మీద పడతాననీ మేనకోడలు అంది. నువ్వు ఊరుకో, నేను వెళ్లి మాట్లాడతానని చెప్పి, ఆయన పెరటి తలుపులోంచి ఒంటరిగా బయటపడ్డాడు.

దారిలో టీ కొట్టు దగ్గర ఇద్దరు లేచి నమస్కారం పెట్టారు. మంగలి షాపులోంచి ఒకాయన సగం గీసిన గడ్డంతోనే బయటికొచ్చి, నిన్న మంత్రులకు చుక్కలు చూపించారండీ అన్నాడు. పొగడ్త విన్నప్పుడల్లా ఎవరో చెంప మీద కొట్టినట్టుంది ఆయనకు. తలెత్తకుండా నడిచాడు.

పెద్ద నర్సు ఆసుపత్రి క్వార్టర్లలో మూడో అంతస్తులో ఉంటుంది. తలుపు సగమే తెరిచింది. ఆయన్ని గుర్తుపట్టగానే ముఖంలో రంగు మారింది. గుమ్మంలోంచి జరగలేదు, లోపలికి రమ్మనలేదు.

“ఇప్పుడు కాదండీ. ఇంకోసారి రండి,” అంది.

తన ముఖం చూడ్డం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకున్నాడు. అది న్యాయమేననీ అనుకున్నాడు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. క్షమించడానికేముంది, వెళ్లిరండి అంది. సభలో మళ్లీ లేస్తాననీ, ఉద్యోగం తిరిగి ఇచ్చేదాకా మంత్రుల్ని నిద్రపోనివ్వననీ అన్నాడు. మీరింకేం మాట్లాడొద్దంటూ ఆమె రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులు చూసి ఆయనకు తల కొట్టేసినట్టయింది. తన నోటికి జడిసి ఒక మనిషి దండం పెట్టే దాకా వచ్చింది వ్యవహారం. కడుపులో ఉన్నదంతా కక్కేస్తే తప్ప ఆ మెట్లు దిగలేననిపించింది.

“ఒక్క నిమిషం వినండమ్మా. మీరు ఎవరి కోసం ఇదంతా పడుతున్నారో మీకు తెలియాలి.”

“నాకేం తెలియక్కర్లేదు. వెళ్లండి, మీకు పుణ్యముంటుంది.”

“అది మా చెల్లెలి కూతురు. మీ దగ్గర రాత్రి డ్యూటీ చేస్తుందే, కొత్తగా చేరిన పిల్ల. అన్నం తింటూ ఏడుస్తుంటే నేనే బుజ్జగించి చెప్పించుకున్నాను. దాని తప్పేం లేదు. తప్పంతా నాది.”

చెప్పేశాక గుండె మీద బరువు దిగినట్టయింది. కళ్లు తుడుచుకున్నాడు. పెద్ద నర్సు మాత్రం తలుపు రెక్క పట్టుకుని అలాగే గుమ్మంలో కూలబడిపోయింది.

ఆమె వెనక గదిలోంచి, చేతిలో టీ గ్లాసుతోనే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

“ఆసుపత్రిలో మొదలుపెట్టి ఇంటిదాకా వచ్చి అడుగుతున్నా ఈవిడ నోరు విప్పలేదండీ,” అన్నాడు విచారణాధికారి. “మీ పుణ్యమా అని నా పని అయిపోయింది.”