అజ్ఞాత ప్రశ్నలు

"సార్, ఈ బ్లాగు మీదేనా?"

స్టాఫ్ రూములో అనుపమ ఫోన్ చూపిస్తూ అడిగింది. బాపట్లలో ఆ కాలేజీకి ఆమె కొత్తగా వచ్చిన లెక్చరర్.

దుర్గాశ్రీనివాస్ ఫోన్ వంక చూసి గతుక్కుమన్నాడు. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి తన రాతలు.

"'టచ్ ఫోన్ మన దగ్గర నిలబడదు. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో అద్దం మీద ఎవరు రుద్దుతారు?'" అని పైకి చదివి అనుపమ పకపకా నవ్వింది. "భలే రాశారు సార్!"

అతనికీ నవ్వొచ్చింది.

"అప్పట్లో కంప్యూటర్ల గురించి ఏ వార్త వచ్చినా నా అభిప్రాయం చెప్పకపోతే నిద్రపట్టేది కాదమ్మా. అడిగినవాళ్లు లేరు, అది వేరే సంగతి."

"లేకపోవడమేంటి సార్? ఎవరో అజ్ఞాత అంట, ప్రతిదాని కిందా ఏదో ఒకటి అడిగారు. 'కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్ ఎక్కడికి పోతుందండీ?' అంట!"

శ్రీనివాస్ మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఆ రోజుల్లో రేపల్లెలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఎందరని? చెంచురామయ్య నెట్ సెంటరే కుర్రాళ్లందరికీ దిక్కు. శ్రీనివాస్ అక్కడే కూర్చుని రాసేవాడు. చదివి మాట్లాడిన పాపాన ఎవరూ పోలేదు, ఒక్క అజ్ఞాత తప్ప. పేరు లేదు, ఊరు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అన్నీ చిన్నపిల్లలు అడిగేలాంటి ప్రశ్నలే. ఎవరో పెద్ద ఇంజనీరు తనని పరీక్షిస్తున్నాడనుకుని శ్రీనివాస్ ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబులు రాసేవాడు. అలా రాసీ రాసీ చెయ్యి తిరిగింది. ఒక కంప్యూటర్ పత్రిక వాళ్లు ప్రతి నెలా శీర్షిక రాయమని అడిగారు కూడా.

అంతలో ఎవరికో అనుమానం వచ్చింది. బ్లాగు నడిచే సైటు వాళ్లు ఆరా తీస్తే, ప్రశ్నా జవాబూ రెండూ ఒకే నెట్ సెంటర్ నుంచి వస్తున్నాయని తేలింది.

ఇంకేముంది! "తనకి తనే ప్రశ్నలేసుకుని మురిసిపోతున్నాడు" అని బ్లాగులు రాసేవాళ్లంతా ఒక్కటై నవ్వారు. పత్రిక వాళ్లు మొహం చాటేశారు.

"ఆ అజ్ఞాత ఎవడో తెలిస్తే చెప్పుచ్చుకుని కొడతా!" అని శ్రీనివాస్ నెట్ సెంటర్లోనే అరిచాడు. పక్క కుర్చీల్లో కూర్చునే కుర్రాళ్లలో ఎవడో కావాలనే చేశాడని అతని నమ్మకం.

అజ్ఞాత మళ్లీ కనపడలేదు. శ్రీనివాస్ మళ్లీ రాయలేదు.

"ఇప్పటికీ ఎవరో తెలీదా సార్?" అంది అనుపమ మెల్లగా.

"తెలిస్తే ఒక్కటే అడుగుతానమ్మా. నీకు నేనేం అన్యాయం చేశాను అని."

అటెండరు తలుపు దగ్గరకొచ్చాడు. "సార్, మీకోసం ఎవరో పెద్దాయన. రేపల్లె నుంచి వచ్చాడంట."

వరండాలో చెంచురామయ్య నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"బాగున్నారా బాబాయ్? ఈ ఎండలో వచ్చారేంటి?"

"తెనాలి మీదుగా వచ్చాను బాబూ. నీకో మాట చెప్పుకోవాలి."

శ్రీనివాస్‌కి లోపల విసుగు పుట్టింది. ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పుకునే మాట ఏంటో అతనికి తెలుసు. ఎవరికో సీటు, లేకపోతే ఉద్యోగం.

"నాకు క్లాసుంది బాబాయ్. ఎవరి గురించైనా అయితే ఫోన్ చేస్తే సరిపోయేది కదా."

"ఎవరి గురించీ కాదయ్యా, నా గురించే. ఇక్కడే కూర్చుంటాలే. క్లాసయ్యాక రా."

"తర్వాత మీటింగుంది. ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం."

చెంచురామయ్య అరచేత్తో మొహం మీది చెమట తుడుచుకున్నాడు.

"సరేలే బాబూ. తెనాలిలో రేపల్లె బండి అందుకోవాలి" అని రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు.

నిజానికి ఆ సాయంత్రం మీటింగేమీ లేదు.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. చెంచురామయ్య పోయాడు.

శ్రీనివాస్ రేపల్లె వెళ్లాడు. దండ వేసిన ఫోటో పక్కన ఆయన భార్య సీతారావమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను చూడగానే అతనికి దుఃఖం ఆగలేదు.

"అంత దూరం వస్తే కూర్చోమని కూడా అనలేదు పిన్నీ. ఏం కావాలో అడగనైనా అడగలేదు."

"ఆయనకేం కావాలి బాబూ! నిన్ను క్షమించమని అడుగుదామని వచ్చారు. డాక్టర్లు పెదవి విరిచాక ఇక ఉండబట్టలేకపోయారు."

"నన్నా? ఆయన నాకేం చేశారు పిన్నీ?"

సీతారావమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు రాసిన దాని కింద ఎవరూ ఏమీ అనలేదని, మొహం వేలాడేసుకుని వెళ్లిపోయేవాడివంట గదా. ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ. 'పాపం ఆ కుర్రాణ్ణి ఒక్కడైనా పలకరిస్తే బాగుండునే' అని."

శ్రీనివాస్ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఆయనకి కంప్యూటర్ గురించి ఏం తెలుసు బాబూ? ఏం అడగాలో తోచక నన్నడిగితే, పొయ్యి దగ్గర్నుంచి నోటికొచ్చింది చెప్పేదాన్ని. నీకంత చెరుపు జరుగుద్దని మాకేం తెలుసు? నెట్ సెంటర్ చెంచురామయ్య అడిగాడంటే నీకేం సంతోషమని, పేరు పెట్టకుండా అడిగింది మా ఆయనే బాబూ."